ఒక చెంచాడు చిక్కుడు

ఆ ఇంట్లో కోడలికి నగా నట్రా పెట్టరు. ఒక ఖాళీ నోటుపుస్తకం ఇస్తారు. అత్తగారి పుస్తకం ముందు పెట్టుకుని కోడలు మొత్తం తన చేత్తో ఎత్తి రాసుకోవాలి. అందులో ఉండేవన్నీ నిలవ పద్ధతులే. ఏ కాయని ఎంతసేపు మరగబెట్టి, ఏ సీసాకెత్తి, మూత ఎలా బిగిస్తే ఏడాదిపాటు చెడకుండా ఉంటుందో అవన్నీ. ఆ ఇంట్లో ఎవరి మాట నిలిచినా నిలవకపోయినా కాయ మాత్రం నిలిచి తీరాలి.

రాసుకోవడానికో షరతుంది. అక్షరం పొల్లుపోకూడదు, కానీ ఒక్కో పద్ధతిలో ఒక్కటంటే ఒక్క మార్పు చేసుకోవచ్చు. ఒకటి మారిస్తే కోడలి హక్కు. రెండు మారిస్తే కోడలి తిక్క.

కోడలు కాపురానికొచ్చి ఏడేళ్ళయినా ఆ ఖాళీ పుస్తకం ఖాళీగానే ఉంది, ఎందుకంటే ఆమెకి ఖాళీ లేదు. ఊరి చివర డబ్బాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. కూరగాయ ముక్కలు నింపి మూత బిగించిన డబ్బాలు ఆవిరి గదిలోకి వెళతాయి. లోపల వేడి ఎంత, ఒత్తిడి ఎంత, ఎన్ని నిమిషాలు ఉన్నాయి అన్నది ఆమె రిజిస్టరులో రాయాలి. ఒక్క అంకె తగ్గినా ఆ విడత డబ్బాలన్నీ పక్కన పెట్టిస్తుంది. మేనేజరు వచ్చి బతిమాలినా పెట్టిస్తుంది. ఫ్యాక్టరీలో ఆమెని చాటుగా ‘ఆవిరమ్మ’ అంటారు.

ఆ శనివారం మధ్యాహ్నం అత్తగారు పట్టుబట్టింది. “నా చత్వారం ముదురుతోంది అమ్మాయ్. నా రాత నేను చదవగలిగినప్పుడే నువ్వు రాసేసుకో. తర్వాత ఇద్దరం కలిసి ఉప్పుని పప్పని చదువుతాం.”

వంటింటి బల్ల మీద నాలుగు పుస్తకాలు పెట్టింది. పైన అత్తగారిది. దాని కింద ఆవిడ అత్తగారిది. దాని కింద ఆ అత్తగారికి అత్తగారిది. అన్నిటికన్నా అడుగున అట్ట ఊడిపోయి, దారంతో కుట్టినది ఒకటి. దాంతోనే ఈ రాతకోతలు మొదలయ్యాయి.

మామూలు కోడలైతే పైపుస్తకం చూసి రాసుకుని లేచిపోయేది. ఈమెది రిజిస్టరు బుద్ధి. ఇవాళ్టి అంకె రాసేముందు నిన్నటి అంకె చూడందే చెయ్యి కదలదు. చిక్కుడుకాయల పేజీ నాలుగు పుస్తకాల్లోనూ తీసి పక్కపక్కన పరిచింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అడుగు పుస్తకంలో ఇలా ఉంది. చిక్కుడుకాయ ముక్కలు, నీళ్ళకి సమానంగా వెనిగరు, ఉప్పు, చిన్న సీసాలు, మూతలు పెట్టి మరిగే నీళ్ళలో గంట.

రెండో పుస్తకంలో వెనిగరు లేదు. దాని చోట ఉప్పునీళ్ళు. పక్కన సన్నగా, ‘ఆయనకి కడుపులో మంట’ అని రాసి ఉంది. మూడో పుస్తకంలో చిన్న సీసాలు పోయి పెద్ద సీసాలొచ్చాయి. ‘ఇంట్లో పన్నెండు మందిమి.’ నాలుగోది అత్తగారిది. గంట కాస్తా అరగంటయింది. ‘గ్యాసు నెల రావడం లేదు.’

ఎవరి మార్పుకి వాళ్ళ న్యాయం ఉంది. ఎవరూ రెండు మార్చలేదు. ముగ్గురూ బుద్ధిమంతులే. ఆ ముగ్గురి బుద్ధీ కలిసి ఏం చేసిందో చూసేసరికి కోడలు సీసాల అలమార వైపు తల తిప్పింది.

“అత్తయ్యా, పోయిన నెల పెట్టిన చిక్కుడుకాయలు ఈ పద్ధతిలోనేనా?”

“ఇంకో పద్ధతి ఎక్కడుంది? పధ్నాలుగు సీసాలు. రేపు ఒకటి తీద్దామనుకుంటున్నా.”

“తీయకండి.”

“ఏం, వాటికి నిద్రాభంగమా?”

కోడలు గొంతు తగ్గించింది. “పులుపు ఉన్నంతకాలం పర్లేదు అత్తయ్యా. పులుపు తీసేశారు. పులుపూ గాలీ లేని చోట మూత బిగిస్తే ఒక క్రిమి విషం కక్కుతుంది. దాని గింజ మరిగే నీళ్ళకి చావదు. ఆవిరిని బంధించి ఒత్తిడి పెడితేనే చస్తుంది. మా దగ్గర నూట ఇరవై ఒక్క డిగ్రీలు పెడతాం. మీ గిన్నెలో నీళ్ళు తెల్లార్లూ మరిగినా నూరు దాటవు. మనదేమో కొండమీది ఊరు, ఇక్కడ నూరు కూడా రాదు.”

“చెడితే వాసన తెలీదూ?”

“దీనికి వాసన ఉండకపోవచ్చు. రంగూ మారకపోవచ్చు. మూత ఉబ్బితే ఉబ్బొచ్చు, లేకపోతే లేదు.”

“అంటే అది కనపడదు, వాసన రాదు, ఉలకదు, పలకదు. నీకు మాత్రం తెలిసిపోయింది.” అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. “నాలుగు తరాలు తిన్నాం తల్లీ ఈ చిక్కుడుకాయలు.”

“నాలుగు తరాలు ఒకటే తినలేదు. మొదటావిడ పెట్టిందొకటి, ఇప్పుడు మీరు పెడుతోందొకటి. పేరొక్కటే మిగిలింది.”

“సరే, నీకూ ఒక మార్పు రాసిచ్చాం కదా. ఏది కావాలో మార్చుకో. ఒక్కటి.”

కోడలు కలం పట్టుకుని కూర్చుంది. వెనిగరు వెనక్కి తెస్తే సీసా పెద్దదిగానే ఉంటుంది, సమయం సగంగానే ఉంటుంది. సమయం పెంచితే పులుపుండదు. మూడు తప్పులకి ఒక్క దిద్దుబాటు. మూడింట ఒకటి రాస్తే పాసు మార్కులు పడటానికి ఇది బడి పరీక్ష కాదు, కడుపు పరీక్ష.

“ఒకటి చాలదు అత్తయ్యా.”

“అయితే తిక్కే.”

అప్పుడొచ్చాడు మామగారు. ఆ ఇంటికి హైకోర్టు ఆయన నాలుక. ఉప్పు చాలిందా, పాలు విరిగాయా, పచ్చడి బూజు పట్టిందా, ఏ వివాదమైనా ఆయన ఒక చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని తేల్చేవాడు. తీర్పు నాలుకది, శిక్ష పొట్టది. ఆయన ఎడమ చేతిలో మూత తీసిన సీసా ఉంది, కుడి చేతిలో చెంచా ఉంది. చెంచాలో ఏమీ లేదు.

“గొడవ వింటున్నా అలమార దగ్గర నుంచి,” అన్నాడు. “తేల్చేశా. ఒక చెంచాడు తిన్నా. బ్రహ్మాండంగా ఉంది. కేసు కొట్టేశా.”

కోడలు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

*

వీధి మలుపులో క్లినిక్కుంది. డాక్టరమ్మ నవ్వేస్తుందని, ‘ఒక చెంచాకేనా ఇంత హడావిడి’ అంటుందని కోడలు దారంతా ఆశపడింది. డాక్టరమ్మ నవ్వలేదు. కలం కింద పెట్టి మామగారి కళ్ళలోకి లైటు వేసి చూసింది.

“ఇప్పుడే తెలీదమ్మా. మామూలుగా పన్నెండు గంటల నుంచి మూడు రోజుల్లోపు తెలుస్తుంది. ఒక్కోసారి పదిరోజులూ పట్టొచ్చు. రెప్పలు వాలినా, ఒకటి రెండుగా కనపడినా, మాట ముద్దగా వచ్చినా, మింగడం కష్టమైనా, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి. చూద్దాంలే అనుకోవద్దు, ఊపిరి దాకా వస్తే కష్టం. నేను వాళ్ళకి ఫోన్ చేసి చెప్పి ఉంచుతాను. ఆ సీసాని చేతికి తగలకుండా రెండు కవర్లలో కట్టి ఉంచండి.”

“ఒక్క చెంచాడేనండీ,” అన్నాడు మామగారు.

“దానికి చెంచాడు కూడా అక్కర్లేదండీ,” అంది డాక్టరమ్మ.

 

కోడలు ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. మొగుడికి ఫోన్ చేసింది. అతను లిఫ్టుల మెకానిక్కు. వృత్తి రీత్యా పైకీ కిందకీ తిరుగుతాడే తప్ప జన్మలో ఒక పక్కకి ఒరగడు. “అమ్మ చెప్పిందీ నిజమే, ఇన్నేళ్ళు తిన్నాం. నువ్వు చెప్పిందీ నిజమే, జాగ్రత్త మంచిది,” అని మధ్య అంతస్తులో ఆగిపోయాడు.

ఇక కాపలా మొదలైంది. రాయడానికి కోడలికి తెలిసిన పద్ధతి ఒక్కటే. తెల్లకాగితం మీద గళ్ళు గీసింది. రెండేసి గంటలకి రెప్ప, చూపు, మాట, మింగుడు. గళ్ళు గీశాక తెలిసింది అసలు కష్టం. డాక్టరమ్మ చెప్పిన లక్షణాలన్నీ మామగారికి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఉన్నాయి. రెప్పలు పెళ్ళిఫోటోలోనే సగం వాలి ఉన్నాయి. పళ్ళసెట్టు తీస్తే మాట ముద్దే. తను చేసిన సాయం ఎప్పుడూ ఆయనకి రెండుగానే కనపడేది. మింగడం ఒక్కటే ఏ లోపమూ లేని శాఖ.

కనుక కాగితం మీద ఇలా రాయాల్సి వచ్చింది. రెప్ప, మామూలు వాలు. మాట, పళ్ళతో స్పష్టం, పళ్ళు లేకుండా మామూలు ముద్ద. చూపు, పేపరు చదివి ప్రభుత్వాన్ని తిట్టారు. రాసిన ప్రతిసారీ ఆమెకి ఒకటే గుబులు. వాలిన రెప్ప ఇంకో వెంట్రుకవాసి వాలితే తనకి తెలుస్తుందా? ఫ్యాక్టరీలో ముల్లు ఉంటుంది, గీత ఉంటుంది. మామగారి మొహం మీద గీతలకి తక్కువ లేదు గాని కొలిచే ముల్లు లేదు.

రెండో రోజు చూపు పరీక్ష బుడ్డదానికి అప్పగించారు. ఆరేళ్ళ మనవరాలు, తాత ఎదుట స్టూలెక్కి నిలబడింది.

“తాతా, ఎన్ని వేళ్ళు?”

“మూడు.”

“ఇప్పుడు?”

“మూడు.”

“తాతా, ఇప్పుడు నేను చెయ్యే ఎత్తలేదు.”

వంటింటి గడపలో గిన్నె పడిన చప్పుడయింది. అక్కడ అత్తగారు నిలబడి ఉంది, చేతుల నుంచి సబ్బునీళ్ళు కారుతున్నాయి, మొహంలో నెత్తురు చుక్క లేదు. కోడలు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

“పొద్దున్నుంచీ ఇది మూడు తప్ప చూపించడం లేదర్రా,” అన్నాడు మామగారు చికాకుగా. “అలవాటుగా అనేశా. తలెత్తి చూడలేదు. ఏం, ముద్దాయికి కూడా కాస్త విసుగుండదా?”

“విసుగొస్తే నోరు మూసుకోవాలి గాని నోటికొచ్చిన అంకె చెబుతారా మీరు?” అంది అత్తగారు.  గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కోడలు వెనకాలే వెళితే, పొయ్యి పక్కన మూత పెట్టిన పళ్ళెం కనపడింది. అత్తగారి మధ్యాహ్నం భోజనం. మెతుకు కదల్లేదు.

“మీరు తినలేదు.”

“ఆకలి లేదు. పనిచూసుకో.”

నాలుగో రోజు మామగారికి మంచినీళ్ళు తాగుతుంటే పొలమారింది. ఆటో పిలిచి, సగం ఎక్కించాక తెలిసింది, తన జోకు తనకే గుర్తొచ్చి నవ్వాడట. ఆ జోకేమిటో ఎవరూ అడగలేదు. ఆరో రోజు మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోయాడు. అది కునుకా, మత్తా అని కోడలు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది. గురక వినపడేసరికి, ఏడేళ్ళుగా విసుక్కున్న ఆ గురకే ఆమె చెవికి సంగీతమైంది.

పదో రోజు గడిచింది. డాక్టరమ్మ మళ్ళీ లైటు వేసి చూసి, ఇంక భయం లేదంది.

*

ఆదివారం మామగారు హాలు మధ్యలో నిలబడి ప్రకటించాడు. “నేను బతికున్నాను. కనుక సీసాలు నిర్దోషులు.”

కోడలికి నవ్వు రాలేదు. ఆయన బతకాలని పదిరోజులు ఊపిరి బిగబట్టింది. ఆయన బతికాడు. ఆ బతకడమే ఇప్పుడు తనకి ఎదురు సాక్ష్యం. ఏమీ కాకపోవడం కన్నా పెద్ద వకీలు లేడు.

“మామయ్యా, ఆ సీసాలో విషం లేదని తేలింది. అంతే. పక్క సీసాలో లేదని కాదు. కళ్ళు మూసుకుని రోడ్డు దాటినవాడు బతికాడనుకోండి, రోడ్డు అలాగే దాటాలని పుస్తకంలో రాసుకుంటామా?”

“నన్ను కళ్ళు మూసుకున్నవాడంటోంది చూశావా?” అన్నాడాయన భార్యతో.

“మీ రెప్పల సంగతి కొత్తగా ఎవరికి చెప్పాలి,” అంది అత్తగారు వంటింట్లోంచి. గొంతులో పాత బింకం వచ్చింది. “మధ్యాహ్నానికి సీసా తీసేశానమ్మాయ్. పదిరోజులు నీ మాట విన్నాం. ఇంక నా మాట కూడా ఒకపూట వినండి.”

కోడలు వెళ్ళేసరికి చిక్కుడుకాయ ముక్కలు గాజుగిన్నెలో ఉన్నాయి. ఆకుపచ్చగా, నీళ్ళు తేటగా, ఒక్క మచ్చ లేదు. చూస్తే ఎవరికైనా నోరూరేలా ఉన్నాయి. అత్తగారు ఆమెని దాటుకుని గిన్నె బల్ల దగ్గరికి తెచ్చింది. మామగారు, మొగుడు, మధ్యలో బుడ్డది. ఆ ఇంట్లో ఎప్పుడూ మొదటి వడ్డన పిల్లకే.

“అత్తయ్యా, వద్దు. నేను పెట్టనివ్వను,” అని కోడలు కూతురి కంచం లాక్కోవడానికి చెయ్యి చాపింది.

ఆ చెయ్యి కంచం దాకా వెళ్ళకముందే గరిటె ఆగింది.

బుడ్డదాని కంచానికి జానెడు పైన ఆగింది. గరిటె అంచు నుంచి ఉప్పునీటి చుక్కలు తిరిగి గిన్నెలోకే పడుతున్నాయి. అత్తగారు మనవరాలి వైపు చూసింది. పిల్ల కూడా తలెత్తి అవ్వ వైపు చూసింది, ముందు పళ్ళు రెండు ఊడిన నోటితో.

“దీనికి... దీనికి ఆ బంగాళాదుంప పెడతాలే,” అంది అత్తగారు.

గరిటె మామగారి కంచం వైపు తిరిగింది. అక్కడా ఒంగలేదు. చెంచాడు తిని బతికిన మనిషికి గరిటెడు వెయ్యలేకపోయింది. కొడుకు వైపు తిరిగింది. ఆ లిఫ్టు మెకానిక్కు మొట్టమొదటిసారి ఒక పక్కకి ఒరిగాడు. అరచెయ్యి తన కంచం మీద బోర్లా పెట్టాడు.

“నాకొద్దమ్మా,” అన్నాడు.

 మామగారు అందరి మొహాలూ చూసి, “ఇంతకీ తీర్పేమిటి?” అన్నాడు నెమ్మదిగా. 

“గరిటె ఎక్కడా పెట్టకండి అత్తయ్యా,” అంది కోడలు. “గిన్నెతో సహా ఇటివ్వండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.” అత్తగారు చెప్పినట్టల్లా చేసింది. ఏడేళ్ళలో అలా చెయ్యడం అదే మొదలు. కోడలికి గెలిచినట్టనిపించలేదు, ఎవరినో నీళ్ళలోంచి లాగి గట్టున కూర్చోబెట్టినట్టుంది.

చేతికి తొడుగులేసుకుని అలమార ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది. మూతలు తీయకుండా రెండేసి కవర్లలో కడుతూ లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది.

“అత్తయ్యా, పధ్నాలుగు పెట్టానన్నారు. మామయ్య తీసిందొకటి, ఇవాళ్టిదొకటి. ఇక్కడ పన్నెండుండాలి. తొమ్మిదే ఉన్నాయి.”

అత్తగారు స్టూలు మీద కూలబడింది. తడిచేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది.

“మూడు ఇచ్చానే,” అంది. “పాలావిడకి. మేడమీది లెక్కల మేష్టారికి. దర్జీ ఆవిడకి. పోయిన నెలలోనే. నేనే వాళ్ళిళ్ళకెళ్ళి, బాగుంటాయి తినండని చెప్పి మరీ ఇచ్చా.”

ఆ పదిరోజులూ ఆవిడకి అన్నం ఎందుకు సయించలేదో కోడలికి అప్పుడు తెలిసింది. ఫోన్ తెచ్చి ఒళ్ళో పెట్టింది.

పాలావిడ ఎత్తింది. “నేనే. ఆ చిక్కుడుకాయల సీసా ఉందా? తీయలేదా? తీయకు. మూత సరిగ్గా పడలేదేమోనని...” అత్తగారు ఆగింది. కోడలి వైపు చూసింది. “మూత కాదులే. నా పద్ధతే తప్పు. తీయకుండా ఉంచు, మా అమ్మాయి వచ్చి పట్టుకెళుతుంది.”

లెక్కల మేష్టారు మూడు వారాల క్రితమే తినేశానని, నలుగురం కులాసాగా ఉన్నామని, ఇంకోటి ఉంటే పంపమనీ అన్నాడు. “ఇంక ఉండవండీ మేష్టారూ,” అంది అత్తగారు. “ఇక మీదట ఎప్పుడూ ఉండవు.”

దర్జీ ఆవిడ ఫోన్ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశారు. మళ్ళీ ఆగిపోయింది.

“ఒక్కతే ఉంటుంది,” అంది అత్తగారు. “రెప్పలు వాలినా చూసేవాళ్ళు లేరు దానికి.” అప్పటికే లేచి నిలబడింది. “చెప్పులేసుకో.”

నాలుగు వీధులు. రోజూ మోకాళ్ళు పట్టేశాయని గోడ పట్టుకు నడిచే మనిషి కోడలికన్నా రెండడుగులు ముందు నడిచింది. దర్జీ దుకాణం తలుపు వేసి ఉంది. లోపల మిషను చప్పుడు లేదు. అత్తగారు అరచేత్తో తలుపు బాదింది. ఆగి, రెండు చేతులతో బాదింది.

తలుపు తెరుచుకుంది. దర్జీ ఆవిడ మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు. సూదులు తీసి, “ఆదివారం కూడా కుట్టమంటారా ఏంటి పెద్దమ్మా?” అంది.

“నువ్వు బాగున్నావా? ఫోనెందుకెత్తవు?”

“చార్జింగు పెట్టి పెరట్లో ఉన్నా. ఏమయింది?”

“నేనిచ్చిన సీసా. చిక్కుడుకాయలు. తిన్నావా?”

దర్జీ ఆవిడ అత్తాకోడళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. మొహం నెమ్మదిగా కందిపోయింది. పక్కకి తప్పుకుంది. మిషను పక్కన కిటికీలో ఆ సీసా ఉంది, నిండా రంగురంగుల గుండీలు.

“ఏమనుకోకండి పెద్దమ్మా,” అంది. “నాకు ఇంట్లో మూతపెట్టినవంటే చచ్చే భయం. మొహమాటపడి తీసుకున్నా గాని పారబోసేశా. సీసా బాగుందని కడిగి ఉంచుకున్నా.”

“ఎప్పుడు పారబోశావు?”

“ఇచ్చిన రోజే.”

అత్తగారు గుమ్మానికి చేరగిలబడింది. “మంచి పని చేశావమ్మా,” అంది. దర్జీ ఆవిడ భుజం రెండుసార్లు నిమిరింది. ఆ సీసాని ఇంకోసారి బాగా వేడినీళ్ళతో కడగమని కోడలు చెప్పింది. ఇద్దరూ వీధిలోకొచ్చారు.

ఒక వీధి దాటాక అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. మోకాళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి ఆవిడకి.

“ఇచ్చిన రోజే పారబోసిందట,” అంది. నాలుగడుగులు వేసి, మళ్ళీ అంది. “కనీసం మర్నాటిదాకా ఆగలేకపోయిందే.”